మూడు మెట్లు పైన పాడిన మోటారు

చీర కొనడానికి వెళ్తే పది నిమిషాల్లో బయటికి వచ్చేస్తాను. మొదట చూపించింది నచ్చితే అదే, లేకపోతే రెండోది. ఈ విషయంలో మా అమ్మకి నా మీద చాలా ఫిర్యాదులున్నాయి. అదే మోటారు కొనడానికి వెళ్ళానంటే కొట్లో కుర్చీ వేయించుకుని కూర్చుంటాను. షాఫ్టు చేత్తో తిప్పి, చెవి ఆనించి బేరింగు విని, ప్లేటు మీది అంకెలు పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ చదివి, "ఇంకోటి తియ్యండి" అంటాను. కొట్టువాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనీ. కంటికి నచ్చితే చాలు అనుకోడానికి అదేమైనా చీరా?

నేను పుట్టింది పార్వతీపురంలో. ఎలక్ట్రికల్ డిప్లొమా చదివాను. ఉద్యోగం మాత్రం కొండ మీద, అరకు నుంచి హుకుంపేట వెళ్ళే రోడ్డు పక్కన, రైతులు కలిసి పెట్టుకున్న కాఫీ యూనిట్‌లో. ఊళ్ళనుంచి పళ్ళు వస్తే తొక్క వలిచి, గింజ కడిగి, ఎండబెట్టి బస్తాలకెత్తుతాం. అక్కడ కరెంటుతో నడిచేదల్లా నా పూచీ. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని అక్కడ అందరికీ తెలుసు. అది పోతుంది కూడా అంతే తొందరగా అని నేను అంటాను. ఆ రెండో మాట ఒప్పుకున్నవాళ్ళు ఇంతవరకు కనపడలేదు.

యూనిట్‌కి గుండెకాయ లాంటిది పల్పర్. కాఫీ పండు తొక్క వలిచే యంత్రం. నేను చేరడానికి ముందే కొలంబియా దేశం నుంచి ఓడలో వచ్చింది. గరుకు డ్రమ్ము ఒకటి తిరుగుతూ ఉంటుంది, దానికి ఎదురుగా ఇనప పలక. ఆ రెంటి మధ్య సందులో పండు నలిగి గింజ ఇటు జారుతుంది, తొక్క అటు పోతుంది. సందు తక్కువైతే గింజకి గాటు పడుతుంది. ఎక్కువైతే పండు పండులాగే దాటిపోతుంది. ఆ సందు సరిచేసేది నేను కాదు, పళ్ళు పోసే ఆడవాళ్ళ జట్టుకి పెద్ద అయిన అక్క. నలభై అయిదేళ్ళుంటాయి. రెండు కొండల అవతల వాళ్ళ ఊరు. స్పానరు కొంగులో పెట్టుకుని తిరుగుతుంది. ఆదివారం వాళ్ళ ఊరి చర్చిలో కీబోర్డు వాయించేదీ, పాట ఎత్తుకునేదీ ఆమే. ఎవరూ నేర్పలేదు, ఫోన్లో కీబోర్డు యాప్ పెట్టుకుని తనే నేర్చుకుంది.

ఆ జట్టుకి ఒక అలవాటు ఉంది. పల్పర్ ఆన్ చేశాక వెంటనే పళ్ళు పొయ్యరు. గేర్ల రొద ఒక స్థాయికొచ్చి నిలబడేదాకా ఆగుతారు. అది నిలబడగానే అక్క సన్నగా గొంతు కలుపుతుంది, మిగతావాళ్ళు అందుకుంటారు, అప్పుడు మొదటి గంప పడుతుంది. చర్చి పాటలే పాడతారు. యంత్రమే వాళ్ళకి శ్రుతిపెట్టె. పాటలో ఒక్కో చరణానికి ఒక్కో గంప, అందుకే డ్రమ్ము ఎప్పుడూ నిండిపోదు, ఎప్పుడూ ఖాళీగా తిరగదు. నాకు మాత్రం అదంతా కాలక్షేపంలాగే కనిపించేది.

ఆ ఏడు అక్క ఊరి ఆడవాళ్ళు ఒక పంతం పట్టారు. ఏటా అన్ని ఊళ్ళ పళ్ళూ కలిసిపోతాయి, ఎవరి గింజ ఎవరిదో ఎవరికీ తెలియదు. ఈసారి మా ఊరి పళ్ళు వేరుగా వలవాలి, వేరుగా ఎండాలి, బస్తా మీద మా ఊరి పేరు రాయాలి అన్నారు. యూనిట్ పెద్దలు సరే అన్నారు, షరతులతో. పూర్తిగా పండిన ఎర్ర పళ్ళే కొయ్యాలి, అన్నీ ఒకే కోతలో రావాలి, గింజల్లో గాటు పడినవి ఉండకూడదు. వచ్చే వారం బయటనుంచి రుచి చూసేవాళ్ళు వస్తారు. వాళ్ళ కప్పులో ఆ గింజ నిలబడితే ఊరికి ఇకమీదట సొంత లాట్, అంటే వేరుగా తమ పేరు మీద బస్తాలు. నిలబడకపోతే ఎప్పటిలాగే కలిపేస్తాం, మళ్ళీ అడగొద్దు. అక్కవాళ్ళు పది రోజులు అదనంగా పళ్ళని చెట్టుమీదే ఉంచారు. పక్షుల్ని తోలారు. ఇంకా కొయ్యరేమని సణిగే మొగుళ్ళ నోళ్ళూ మూయించారు. కోత బుధవారం అని పెట్టుకున్నారు.

మంగళవారం పొద్దున్న తొమ్మిదింటికి మోటారు కాలిపోయింది.

నేను ఆఫీసు గదిలో ఉన్నాను. పాట మధ్యలో తెగింది. ఆ వెంటనే వాసన. కాలిన వైండింగ్ తీగ వాసన ఒకసారి పీల్చినవాళ్ళు జన్మలో మర్చిపోరు. పరుగెత్తాను. మోటారు కూలింగ్ రెక్కల్లోంచి నల్లటి పొగ వస్తోంది. స్టార్టరు మీద నాలుగు తిట్లు, పక్కనే నిలబడి ఉన్న పాపానికి జీపు డ్రైవరన్న మీద రెండు తిట్లు పడ్డాయి.  అక్క ఇంకా వలవని ఆ రోజు పళ్ళని చూసి, తర్వాత నన్ను చూసింది.

"రేపటి కోత ఆపుతారా అక్కా?" అన్నాను.

"ఎలగాపుతాం మేడమ్. ఇప్పటికే పండు రాలిపోతన్నాది. కోతకి సుట్టాలందరూ వొచ్చీసినారు."

"పక్క యూనిట్‌కి పంపిద్దామా?"

"అక్కడైతే అందరి పళ్ళల్లోనూ కలిపెత్తారు. మరి మా పేరేటి?"

చేత్తో తిప్పే చిన్న పల్పర్ ఒకటి మూల పడి ఉంది. ఒక ఊరి పళ్ళన్నీ దాంతో వలవాలంటే మూడు రోజులు. కోసిన పండు ఆ రాత్రి దాటితే గంపలోనే వేడెక్కి పులుస్తుంది. అంటే బుధవారం సాయంత్రానికి పల్పర్ తిరగాలి. లేకపోతే పది రోజుల ఓపిక ఎరువు గుంతలోకి పోతుంది. నిజం చెప్పాలంటే నాకు భయం వెయ్యలేదు. లోపల ఒక హుషారు మొదలైంది. రేపు మధ్యాహ్నానికల్లా కొత్త మోటారు బిగించి చూపిస్తాను అనుకున్నాను. పైకి కూడా అదే అనేశాను, అందరి ముందూ.

పాత మోటారు ఊడదీసి, బెల్టు తిప్పే చక్రం, అదే పుల్లీతో సహా జీపులో వేసుకుని బయల్దేరాం. సాయంత్రానికి పార్వతీపురంలో దిగి నేరుగా మోటార్ల కొట్టుకే వెళ్ళాను. డిప్లొమా అయ్యాక ఒక ఏడాది అక్కడే వైండింగ్ పని నేర్చుకున్నాను. ఆ కొట్టు పెద్దాయన్ని మావయ్యా అంటాను. చుట్టరికం ఏమీ లేదు.

"ఏటే గుంటా, కాఫీ కాసుకు తాగమంటే మోటారు కాల్చీసినావేటి?" అన్నాడు.

"వైండింగ్ కొత్తగా చుట్టగలవా మావయ్యా?"

"సుట్టగలను. రెండ్రోజులు వొగ్గీసి ఎల్లు."

"రేపు మధ్యాహ్నానికి తిరగాలి."

"అలగైతే కొత్తది సూసుకో. నువ్వు ఒక పట్టాన తేల్సవు గానీ, ముందు టీ సెప్తానుండు."

ఇక చూడండి నా సంబరం. మోటారు ఎంచడమంటే హార్స్ పవర్ చూసి డబ్బు కట్టి తెచ్చుకోవడం అనుకుంటారు చాలామంది. పాతది ఐదు హార్స్ పవర్, కొత్తదీ ఐదే, అయిపోయింది కదా అంటారు. అక్కడితో పని మొదలవుతుంది. మోటారు కాళ్ళ రంధ్రాలు మిషను బల్ల మీది రంధ్రాలకి కుదరాలి. షాఫ్టు లావు పుల్లీకి సరిపోవాలి. మన కరెంటుకి తట్టుకోవాలి. పల్పర్ అంటే ఎప్పుడూ తడే, కాబట్టి నీళ్ళు చిమ్మినా లోపలికి పోని రకం కావాలి. వేగం కుదరాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా కొండ మీద నిలబడి గడ్డం గీక్కోవడమే, అదీ గడ్డం ఉన్నవాళ్ళకి.

పాత మోటారు కొలతలన్నీ అంగుళాల్లో ఉన్నాయి. మనవి మిల్లీమీటర్లు. కాళ్ళ రంధ్రాలు కొత్తగా తొలవాల్సి వస్తుందనే అనుకున్నాను. మావయ్య వెర్నియర్ తీసి పాతదాని కాళ్ళు కొలిచాడు. ఒక వైపు నూట తొంభై మిల్లీమీటర్ల మీద అర, ఇంకో వైపు నూట నలభైకి వెంట్రుకవాసి తక్కువ. అరలో ఉన్న మన ఐదు హార్స్ పవర్ మోటారు దింపించి కొలిచాం. నూట తొంభై, నూట నలభై. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"ఆలు అంగుళాల్లో కొలిసినారు, మనోలు మిల్లీమీటర్లలో కొలిసినారు. కాళ్ళు మాత్రం ఒక్క సోటే పెట్టినారు," అని మావయ్య పగలబడి నవ్వాడు. నాకు లేచి గంతెయ్యాలనిపించింది. టీ చల్లారిపోయింది, పట్టించుకోలేదు.

షాఫ్టు దగ్గర మాత్రం అంత అదృష్టం లేదు. పాత షాఫ్టు కొత్తదానికన్నా అర మిల్లీమీటరు లావు. అంటే పాత పుల్లీ కొత్త షాఫ్టు మీద వదులుగా ఆడుతుంది. రేకు ముక్క చుట్టి బిగించేస్తే సరి అని సలహా ఇచ్చే మహానుభావులుంటారు. వాళ్ళని అదే బెల్టుతో కొట్టాలి. కొత్త పుల్లీ కొనాలనుకున్నాను. ఎలాగూ కొంటున్నాం కాబట్టి వేగం లెక్క కూడా సరిచేద్దామనిపించింది.

నా తెలివి మొత్తం బయటపెట్టింది ఇక్కడే. పాత మోటారు ప్లేటు మీద నిమిషానికి పదిహేడు వందల నలభై చుట్లు అని ఉంది. మన మోటారు ప్లేటు మీద పద్నాలుగు వందల నలభై. వాళ్ళ దేశంలో కరెంటు సెకనుకి అరవై సార్లు ఊగుతుంది, మన దగ్గర యాభై సార్లే. అందుకే మన మోటార్లు నిదానం. మోటారు నిదానంగా తిరిగితే డ్రమ్మూ నిదానిస్తుంది. దాన్ని సరిదిద్దాలంటే మోటారు పుల్లీ పెద్దది వెయ్యాలి. పాతది ఐదు అంగుళాలు. అట్టపెట్టె మూత మీద లెక్క కట్టాను. సరిగ్గా ఆరు అంగుళాలొచ్చింది. ఆరు అంగుళాల గట్టి పుల్లీ అరలోనే ఉంది.

"డిప్లొమా ఊరికే పోనేదు," అన్నాడు మావయ్య.

ఆ మాటకి ఉబ్బిపోయాను. ఆ రాత్రి అమ్మ పెట్టిన వంకాయ కూర ఎలా ఉందంటే కూడా, "మావయ్య ఏమన్నాడో తెలుసా," అని మొదలుపెట్టాను. అమ్మ ఇంకో గరిటె వడ్డించి ఊరుకుంది.

తెల్లవారుతుండగా బయల్దేరి సాలూరు, పాచిపెంట దాటి ఘాటీ ఎక్కాం. దారి పొడవునా వెనక్కి తిరిగి మోటారు చూసుకుంటూనే ఉన్నాను. డ్రైవరన్న ఒకసారి, "అదేటి పసిగుంటడా మేడమ్, లెగిసి ఎల్లిపోడానికి?" అన్నాడు. పదకొండు దాటాక యూనిట్‌కి చేరాం. బల్ల మీద పెట్టగానే కాళ్ళు రంధ్రాల మీద అలా కూర్చున్నాయి. నాలుగు బోల్టులూ చేత్తోనే దిగిపోయాయి. బెల్టులు వేశాను, కనెక్షన్ ఇచ్చాను, తిరిగే దిక్కు చూశాను. రెండింటికల్లా అంతా సిద్ధం. అప్పుడే అక్క ఊరి పళ్ళు వచ్చాయి, రెండు బండ్ల నిండా. నీళ్ళ తొట్టిలో పోస్తే తొట్టంతా ఎరుపు. పచ్చి పండు ఒక్కటి వెతుకుదామన్నా దొరకలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు సగంమంది పళ్ళ వెనకాలే నడిచొచ్చారు.

నేను గొప్పగా స్టార్టరు నొక్కాను.

పల్పర్ లేచింది. రొద స్థాయికొచ్చి నిలబడింది. అక్క గొంతు ఎత్తబోయి ఆగింది. మళ్ళీ ప్రయత్నించింది, మళ్ళీ ఆగింది. వెనక ఉన్నవాళ్ళు మొహాలు చూసుకున్నారు. గంపలు చేతుల్లోనే ఉండిపోయాయి.

"ఏమైంది? పొయ్యండి," అన్నాను.

"ఇది మన మిషను కాదు మేడమ్," అంది అక్క.

"మిషను అదే. మోటారే కొత్తది."

"గొంతు మారిపోనాది. పాట అందట్లేదు. బాగా పైకెల్లిపోనాది."

నాకు ఒళ్ళు మండింది. ఒక రోజంతా తిరిగి, అన్నీ కొలిచి, మోసుకొచ్చి బిగిస్తే, పాట అందట్లేదట. "పాట ఎవడిక్కావాలక్కా ఇప్పుడు. ఇది పళ్ళు వలిచే మిషను, చర్చి కాదు. తయారుచేసినవాళ్ళు ఎంత వేగం తిరగమన్నారో ఇన్నాళ్ళకి అంత వేగం తిరుగుతోంది. నీకు మిషను గురించి ఏం తెలుసని? పొయ్యండి," అని అరిచాను. ఆమె ఊరి ఆడవాళ్ళందరి ముందే అరిచాను. అది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అక్క గంప ఎత్తి పోసింది. పాట లేదు. మూడు గంపలు పడ్డాయి. కిందినుంచి జారే గింజలు దోసిట్లో పట్టి చూశాను. నాలుగు గింజల్లో ఒకదానికి గాటు. కొన్ని రెండు ముక్కలు.  "సందు పెంచక్కా," అన్నాను, ఈసారి గొంతు తగ్గించి. ఆమె స్పానరు తీసి కొంచెం పెంచింది. ఇప్పుడు పళ్ళు పళ్ళులాగే తొక్కతో బయటపడ్డాయి. కొంచెం తగ్గిస్తే మళ్ళీ గాట్లు. నాలుగుసార్లు మార్చాం. రెంటికీ మధ్య మంచి చోటన్నదే లేకుండా పోయింది. మిషను ఆపేశాను. గాటు పడిన గింజ కడిగేటప్పుడే పులుస్తుంది, అలాంటివి గుప్పెడు చాలు కప్పు చెడడానికి. ఆ మూడు గంపల గింజల్నీ పక్కన పోసేశారు.  

నేను బోల్టులు చూస్తున్నాను, బెల్టు చూస్తున్నాను. అన్నీ బాగున్నాయి. నా లెక్కలో తప్పు లేదు. అదే నన్ను చంపుతోంది.

అక్క చేతులు కొంగుకి తుడుచుకుని గట్టు మీద కూర్చుంది. ఎవర్నో పిలిచి, పోయినేడు ఫోన్లో తీసిన వీడియో పెట్టమంది. పల్పర్ దగ్గర వీళ్ళంతా పాడుతున్న వీడియో అది. వెనకాల గేర్ల రొద స్పష్టంగా వినపడుతోంది. అక్క తన ఫోన్లో కీబోర్డు తెరిచి ఒక మెట్టు నొక్కింది. కలవలేదు. ఇంకోటి. అదీ కలవలేదు. మూడోది నొక్కేసరికి వీడియోలోని రొదా, ఆ స్వరమూ ఒకటైపోయాయి.

"ఇది పోయినేటిది," అంది. "ఇప్పుడోపాలి ఉత్తినే తిప్పండి మేడమ్."

ఎందుకో ఈసారి ఎదురు చెప్పలేదు. పళ్ళు లేకుండా స్టార్టరు నొక్కాను. ఆమె వేలు పక్కమెట్టు మీదికి పోయింది, దాని పక్కదాని మీదికి, ఆ పక్కదాని మీదికి. అక్కడ కలిసింది.

"ఒకటి, రెండు, మూడు. మూడు మెట్లు పైకెల్లిపోనాది."

నాకు సంగీతం రాదు. కానీ కీబోర్డు మీద పన్నెండు మెట్లు ఎక్కితే శబ్దం ఊపు రెట్టింపవుతుందని చదువుకున్నాను. అంటే మెట్టుకి నూటికి ఆరు చొప్పున పెరగాలి. మూడు మెట్లంటే? ఫోన్లో లెక్క కట్టాను. ఐదు పాళ్ళు ఉండాల్సింది ఆరు పాళ్ళయింది. ఐదుకి ఆరు. యాభైకి అరవై.

లెక్క మళ్ళీ కట్టాను, అదే వచ్చింది. 

ప్లేటు మీద పదిహేడు వందల నలభై అని ఉన్న మాట నిజం. కానీ అది అరవై ఊపుల కరెంటు మీద. ఆ మోటారు ఇక్కడికొచ్చిన మొదటి రోజునుంచీ తిరిగింది మన కరెంటు మీద, మన యాభై ఊపుల మీద. ఏ ఒక్క రోజూ ప్లేటు మీది వేగం తిరగలేదు. అది ఎప్పుడూ మన మోటారంత నిదానంగానే తిరిగింది. అక్కవాళ్ళు ఇన్నేళ్ళుగా ఆ నిదానానికే సందు సరిచేసుకున్నారు, ఆ నిదానానికే గంపలు పోసుకున్నారు, ఆ నిదానంలోనే పాట ఎత్తుకున్నారు. నేనేమో లేని తప్పుని ఆరు అంగుళాల పుల్లీతో సరిదిద్దాను. వాళ్ళ దేశపు కరెంటు, మన దేశపు కరెంటు అని పార్వతీపురంలో ఉపన్యాసమిచ్చిన మనిషికి పాత మోటారు ఏ కరెంటు మీద తిరిగిందో తట్టలేదు. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ ఒకేసారి వచ్చాయి. అక్క భుజాలు పట్టుకుని ఊపేశాను. "ఐదు అంగుళాలక్కా, పాత ఐదు అంగుళాలే సరైనది," అని అరిచాను. ఆమెకి ఏమర్థమైందో గానీ తను కూడా నవ్వింది.

అప్పటికి మూడున్నర. పాత పుల్లీ వదులు. కొత్త ఐదు అంగుళాల పుల్లీ కోసం ఘాటీ దిగే టైము లేదు. చేతిలో ఉన్నది ఆరు అంగుళాల దిమ్మ. గట్టి పోత ఇనుము, షాఫ్టుకి సరిగ్గా సరిపోయిన రంధ్రం. చుట్టూ అర అంగుళం చెక్కేసి బెల్టు కూర్చునే గాళ్ళు మళ్ళీ తవ్వితే అదే ఐదు అంగుళాలవుతుంది కదా. అరకులో ఇనుము చెక్కే లేత్ నడిపే ఆయనకి ఫోన్ చేశాను.

"కొత్తగా కొన్న పుల్లీ చెక్కీమంటారేటి?" అన్నాడాయన.

"చెక్కీ. బేగి."

జీపు ఎలా నడిచిందో డ్రైవరన్నకే తెలియాలి. లేత్ ముందు గంటకి పైగా నిలబడ్డాను. వేడి ఇనుప రజను కాళ్ళ దగ్గర పడుతోంది. మళ్ళీ మళ్ళీ కొలవమని ఆయన ప్రాణం తీశాను. ఆయన కూడా విసుక్కున్నాడు. విసుక్కోనీ. తిరిగొచ్చేసరికి ఎండ కొండ వెనక్కి జారుతోంది. అక్కవాళ్ళు ఊరికే కూర్చోలేదు. పళ్ళు వేడెక్కకుండా తొట్టిలోకి వాగు నీళ్ళు వదిలి, కర్రలతో కలుపుతూ ఉన్నారు. వేళ్ళు నాని ముడతలు పడ్డాయి. ఎవరు చెప్పారు వాళ్ళకి అలా చెయ్యమని? నేనైతే చెప్పలేదు.

పుల్లీ బిగించి, బెల్టు లాగి, పక్కకి జరిగాను.

"ఈసారి నువ్వు నొక్కు," అన్నాను.

అక్క స్టార్టరు నొక్కింది. రొద లేచింది, ఎక్కింది, ఒకచోట నిలబడింది. ఆమె ఫోను తియ్యలేదు. కళ్ళు మూసుకుని ఒక క్షణం విని, సన్నగా గొంతు కలిపింది. కలిసింది. వెనకనుంచి ఇరవై గొంతులు ఒక్కసారి అందుకున్నాయి. మొదటి గంప పడింది.

నేను కింద మోకాళ్ళ మీద కూర్చుని దోసిలి పట్టాను. జిగురుతో మెరుస్తూ గింజలు జారాయి. ఒకటొకటిగా తిప్పి చూశాను. గాటు లేదు. పారబోసి ఇంకో దోసిలి పట్టాను. లేదు. ఇంకోటి. చివరికి చీకటి పడుతున్నవేళ, ఒక్కటి కూడా దొరకలేదు అని పిచ్చిదానిలా అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. ఏడున్నరకి తొట్టి ఖాళీ అయింది. ఊరి గింజంతా వేరే తొట్టిలో శుభ్రంగా ఉంది. వారం తర్వాత కప్పులో నిలబడింది, బస్తా మీద పేరూ ఎక్కింది.

ఆ బుధవారం రాత్రి డ్రమ్ము కడుగుతుంటే అక్క దగ్గరకెళ్ళాను. "అందరి ముందూ అరిచాను. తప్పయిపోయింది," అన్నాను.

ఆమె పైపు నీళ్ళు డ్రమ్ము మీద పారిస్తూనే ఉంది. "ఫోనుతో సూపకపోతే నా మాట నమ్ముదురా మేడమ్?"

అబద్ధం ఆడబుద్ధి కాలేదు. "నమ్మేదాన్ని కాదక్కా."

ఆమె తలూపింది. కోపంగా ఏమీ లేదు. "మోటారు కాలిపోడానికి మూడ్రోజుల ముందే సెప్పినాను మీకు. దీని గొంతు బరువెక్కుతున్నాది, కిందికి దిగిపోతన్నాది, ఓపాలి సూడండని."

బేరింగు పట్టేసి మోటారు ఈడ్చుకుంటూ తిరిగిన రోజులవి. ఆమె ఆ మాట చెప్పడం నాకు గుర్తుంది. గంప పక్కన పెట్టి, పని ఆపుకుని, ఆఫీసు గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది. నేను కాగితాల్లోంచి తలెత్తకుండా అన్న మాట కూడా గుర్తుంది. "మీరు పాట చూసుకోండక్కా, మోటారు సంగతి నేను చూసుకుంటాను."